మా గులక అప్పు చేసిన వైనం

మా ఆడపడుచు ఎలాంటిదని ఎవరైనా అడిగితే నేను తన జేబుల దగ్గర మొదలుపెడతాను. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి తను ఇంకా బడికి వెళ్ళే పిల్ల. వచ్చిన మొదటి వారంలోనే వాషింగ్ మెషీన్‌లోంచి ఇల్లు కూలుతున్నంత చప్పుడు. ఆపి చూస్తే తన గౌను జేబులోంచి రాలిన గులకరాళ్ళు. నాకసలే ముక్కు మీద కోపం, పైగా కొత్త మెషీన్. కేకేసి పిలిచాను. పిల్ల వచ్చింది, రాళ్ళన్నీ ఏరుకుంది, ఒక్కొక్కటీ తుడిచి చూసుకుంది, "ఒకటి తక్కువైంది వదినా, లోపలే ఉండిపోయిందేమో చూస్తావా" అంది. తిట్టడానికి తెరిచిన నోటితో అది ఏ రంగుదని అడిగాను. చివరికి ఇద్దరం కలిసి ఆ రాయి వెతికాం.

ఇంటిల్లిపాదీ తనని గులక అనే పిలుస్తారు. అసలు పేరు బడి రిజిస్టరులో ఉంది, దాన్ని అక్కడే ఉండనిద్దాం. తోటి పిల్లలు బొమ్మలు కొనమని ఏడిస్తే ఈవిడ రోడ్డు పక్క కంకర గుట్ట దగ్గర కూర్చుని లేవనని ఏడ్చేది. మంచం కింద రాళ్ళు, కిటికీ అంచున రాళ్ళు, నా పోపుల డబ్బాలో ఒకసారి ఒక ఎర్రరాయి. అది ఎర్రగా ఎందుకుందో అరగంట సేపు చెప్పింది. పొయ్యి మీద కూర మాడింది కానీ చెప్పింది మాత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇందులో అసలు తమాషా ఏమిటంటే, మాది అద్దాల కొట్టు. కింద కొట్టు, పైన మేము. ఎడమ గోడ పొడుగునా చెక్క అరల్లో గాజు షీట్లు నిలబెట్టి ఉంటాయి, ఒకదానికొకటి ఒరుసుకోకుండా మధ్య మధ్య కాగితాలు. నడిమధ్యన దుప్పటి పరిచిన పెద్ద బల్ల. అది మా మావయ్య రాజ్యం. టేపుతో కొలిచి, స్కేలు ఆనించి, కట్టర్ చక్రాన్ని నూనెలో ముంచి ఒక్క గీత గీస్తారు. అంచు పట్టుకుని కొద్దిగా నొక్కితే గాజు టక్కున రెండవుతుంది. అత్తయ్య వెనక గదిలో ఫొటోలకు ఫ్రేములు కడతారు. మా ఆయన వ్యాన్‌లో తిరిగి కిటికీలకు అద్దాలు బిగించి వస్తాడు. నేను కౌంటర్లో కూర్చుని ఆర్డర్లు తీసుకుంటాను, బాకీలు వసూలు చేస్తాను. ఆ రెండో పనికి నా నోరు బాగా పనికొస్తుందని మా ఆయన అంటాడు. అలాంటి కొట్టులోకి రాళ్ళ పిల్ల వస్తే ఎలా ఉంటుంది? మావయ్య కూతుర్ని రానిచ్చేవారు, కాకపోతే గుమ్మం దగ్గర ఆపి జేబులు తడిమి చూసేవారు.

ఈ ఇంటికి రెండు అలవాట్లున్నాయి. అవి చెప్పకపోతే గులక అప్పు సంగతి అర్థం కాదు. మొదటిది, పగుళ్ళకు ఒకటి. మావయ్య కొట్టు తెరిచిన కొత్తలో ఒక ఆసుపత్రి కిటికీలకు సరిగ్గా లెక్కపెట్టి అద్దాలు తెప్పించారట. మెట్ల మీద ఒకటి జారి ముక్కలైంది. ఆ ఒక్క కిటికీ ఖాళీగా ఉందన్న వంకతో ఆసుపత్రి వాళ్ళు మొత్తం డబ్బు ఆపేశారు. ఆ దెబ్బతో ఆయనకి బుద్ధొచ్చింది, అవసరానికి మించి వచ్చింది. ఆనాటి నుంచీ ఏ ఆర్డరైనా పదింటికి ఒకటి కలిపి తెప్పించాల్సిందే. కొట్టు వరకైతే సరే, అది మెట్లెక్కి ఇంట్లోకీ వచ్చేసింది. గుండీలు పది కావాలంటే పదకొండు కొంటారు. నా పెళ్ళికి మగపెళ్ళివారు నూటపది మంది వస్తామని చెప్పి వంద మంది వచ్చారు. మిగిలిపోయిన కుర్చీల్ని చూసి మా నాన్న పళ్ళు నూరారు. ఆ పది మందీ పగుళ్ళకని నాకు తర్వాత తెలిసింది.

రెండో అలవాటు నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఈ ఇంట్లో డబ్బు మాట ఎవరూ సూటిగా ఎత్తరు. గులకకి చెప్పులు కావాలనుకోండి. అమ్మకి చెబుతుంది. అత్తయ్య వీలు చూసి కొడుకు చెవిన వేస్తారు. మా ఆయన కొట్టు కట్టేసే వేళ నాన్న పక్కన చేరి, గొంతు సవరించుకుని, ఎండల గురించి నాలుగు మాటలు మాట్లాడి, అప్పుడు అసలు సంగతి చెబుతాడు. మావయ్య "ఊఁ" అంటారు. డబ్బు మళ్ళీ అదే దారిలో వెనక్కొస్తుంది. ఈలోగా పాత చెప్పులు తెగి పిల్ల కుంటుతూ ఉంటుంది. మా పుట్టింట్లో అయితే డబ్బు గురించి గొంతులు చించుకుని పోట్లాడుకునేవాళ్ళం, హాయిగా ఉండేది. ఇక్కడ అందరూ మంచివాళ్ళే. ఒకరికి బరువు కాకూడదని ఒకరు దాచుకుంటారు. అలా దాచుకునేవాళ్ళని చూస్తే నాకు ప్రేమా కలుగుతుంది, ఒళ్ళూ మండుతుంది.

గులకకి విశ్వవిద్యాలయంలో సీటొచ్చింది. భూగర్భశాస్త్రం, మూడేళ్ళు, వేరే ఊళ్ళో, హాస్టల్లో ఉండి చదవాలి. వార్త వినగానే అత్తయ్య కళ్ళు తుడుచుకుని, ఇంతకీ చదివాక ఏమవుతావని అడిగారు. నేల లోపల ఏముందో చెప్పే ఉద్యోగం అంది గులక. నీళ్ళెక్కడ పడతాయో, వంతెన ఎక్కడ కట్టొచ్చో, ఏ కొండ జారుతుందో అవన్నీ చెప్పొచ్చట. మా ఆయన చెల్లెల్ని ఎత్తి తిప్పబోయి నడుం పట్టేసుకున్నాడు. మావయ్య "ఊఁ" అని కిందికి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం పగిలిన పడక గది అద్దం పట్టుకొచ్చిన ముసలావిడకి కొత్తది బిగించి, డబ్బొద్దని పంపేశారు. అంతకన్నా పెద్ద సంతోషం ఆయన ఎలా చూపిస్తారో నేనెరుగను.

కానీ అంత డబ్బు మా దగ్గర లేదు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు. చదువుకి బ్యాంకు అప్పిస్తుందని, చదువయ్యాక తీర్చుకోవచ్చని గులకే కనుక్కుంది. ఎంత కావాలో లెక్క వేసి మామూలు దారిలో పంపింది. తను అమ్మకి చెప్పింది, అత్తయ్య కొడుక్కి చెప్పారు, మా ఆయన ఎండల గురించి మాట్లాడి నాన్నకి చెప్పాడు. మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒక్కరే బ్యాంకుకి వెళ్ళొచ్చారు.

వచ్చి కౌంటర్ దగ్గర నిలబడి, కొట్టు కాయితాలు ఎక్కడ పెట్టావమ్మా అని నన్నడిగారు. ఎందుకన్నాను. ఊరికే చూడ్డానికన్నారు. ముప్పై ఏళ్ళుగా కూర్చున్న కొట్టుని కాయితాల్లో చూడాలనిపించిందంటే నేను నమ్ముతానా? వదల్లేదు. తాళం చేతులు కొంగున ముడేసుకుని కూర్చున్నాను. అప్పుడు చెప్పారు. నాలుగు లక్షల దాకా అయితే బ్యాంకు ఏ తాకట్టూ లేకుండానే ఇస్తుందట. మనకి కావలసింది ఐదున్నర. నాలుగు దాటితే కొట్టు రాసివ్వాలట.

"పిల్లకి చెప్పకమ్మా" అన్నారు. "చెబితే చదువు మీద మనసు పెట్టలేదు."

నేను మాట తప్పలేదు. గులకకి చెప్పలేదు. అత్తయ్యకి చెప్పాను. ఈ ఇంటి దారులు నాకు తెలియనివా? సాయంత్రానికల్లా ఆ మాట చేరాల్సిన చోటికి చేరింది.

గులక నా గదిలోకి వచ్చి తలుపు వేసింది. ఆ కొట్టు మీద ఐదుగురం బతుకుతున్నామని తనకి తెలుసు. కొట్టుకి ఏదైనా అయితే మావయ్య ఇంకొకరి కొట్లో కూలికి గాజు కోయాలి, ఆయన చేతులు అప్పటికే చల్లదనానికి బిగుసుకుపోతున్నాయి. కొట్టు తాకట్టు పెడితే నేను వెళ్ళను వదినా, ఇక్కడే ఏదైనా పని చూసుకుంటాను అంది. గొంతు పెంచలేదు, ఏడవలేదు. రాళ్ళ కోసం రోడ్డు మీద బైఠాయించిన పిల్ల అంత నెమ్మదిగా మాట్లాడితే నాకు భయమేసింది. ఫీజు కట్టడానికి వచ్చే శుక్రవారం ఆఖరు రోజు. కట్టకపోతే సీటు వెనకున్నవాళ్ళకి పోతుంది.

మర్నాడు మధ్యాహ్నం ఖాళీ పెట్టెలు పెట్టే గదిలో ఫోను ముందేసుకుని కూర్చునుంది. ఏదో అప్పులిచ్చే యాప్. హామీ వద్దు, సంతకం వద్దు, ఐదు నిమిషాల్లో డబ్బు అని రంగురంగుల అక్షరాల్లో మెరుస్తోంది. మొదటి ఫీజు దీంతో కట్టేస్తే, ఆ తర్వాత అక్కడే ఏదో పని చేసుకుని తీర్చేస్తానని తన ఆలోచన. కొట్టు ఊసే ఉండదు. పక్కన పెట్టె బోర్లించుకుని నేనూ కూర్చున్నాను. నోరు ఎత్తబోయాను కానీ తనే ఒక్కో గీతా వేలితో చూపిస్తూ చదువుతోంది, రాయి చూసినట్టే.

"యాభై వేలు అడిగితే ముప్పై ఎనిమిదే చేతికిస్తారట. కానీ తీర్చాల్సింది యాభై. అదీ మూడు వారాల్లో" అంది. ఇంకొంచెం కిందికి జరిపింది. "నా ఫోన్లో ఉన్న నంబర్లన్నీ వీళ్ళు చూసుకోవచ్చని ఒప్పుకోవాలట. ఫొటోలు కూడా. నాకు అప్పివ్వడానికి మన ప్లంబరు నంబరు వీళ్ళకెందుకు వదినా?"

"నువ్వు కట్టకపోతే ప్లంబరుకి ఫోన్ చేసి నీ పరువు తీయడానికి" అన్నాను. బాకీలు వసూలు చేసేదాన్ని, నాకు తెలీదూ? నేనెంత అరిచినా ఆ పని మాత్రం చేయను. గులక యాప్ మొత్తం పైకీ కిందికీ వెతికింది. వీళ్ళ ఆఫీసు ఏ వీధిలో ఉందో ఎక్కడా లేదు, గొడవొస్తే ఏ గుమ్మం ముందు నిలబడాలి అంది. ఫోన్లోంచి దాన్ని తీసిపారేసింది. నాకు ఊపిరొచ్చింది. కానీ శుక్రవారం అలాగే ఉంది, కొట్టూ అలాగే ఉంది.

కాసేపు పెట్టె మీద వేళ్ళతో కొట్టుకుంటూ కూర్చుంది. తర్వాత లేచి తిన్నగా కొట్టులోకి నడిచింది. మావయ్య బల్ల మీద వంగి గీత గీస్తున్నారు. అమ్మ లేదు, అన్న లేడు, ఎండల ప్రస్తావన లేదు.

"నాన్నా, డబ్బు సంగతి మాట్లాడాలి" అంది.

మావయ్య చేతిలో కట్టర్ పక్కకి జారింది. నేను వచ్చాక ఆయన గీత వంకర పోవడం అదే మొదటిసారి. గులక ఆగలేదు. బ్యాంకుకి నేనూ వస్తాను, అప్పు నాది, నా చదువుకి, తీర్చేదీ నేనే, నేను లేకుండా దాని గురించి ఎలా మాట్లాడతావు అంది. ఆయన ఆ పాడైన గాజు ముక్కని తీసి పక్కన పెట్టారు. "ఊఁ" అన్నారు. ఆ ఊఁ ఎటువైపో మాకెవరికీ తెలియలేదు కానీ మర్నాడు పొద్దున ముగ్గురం బస్సెక్కాం. కాయితాల సంచి నా ఒళ్ళో ఉంది, చచ్చినా వదలకూడదని పట్టుకున్నాను.

బ్యాంకులో టోకెన్ తీసుకుని వరస కుర్చీల్లో కూర్చున్నాం. మావయ్య కుదురుగా ఉండలేక లేచి, క్యాషియరు ముందున్న గాజు పలకని బొటనవేలితో నొక్కి చూసి వచ్చారు. రబ్బరు సరిగ్గా పెట్టలేదట. మా నంబరు పిలిచారు. లోను సీట్లో ఉన్నావిడకి జలుబు, చేతి రుమాలు ముక్కుకి ఆనించుకునే మాట్లాడుతోంది. మావయ్యని గుర్తుపట్టింది. కాయితాలు తెచ్చారా అని ఆవిడ అడిగేలోపే గులక కుర్చీ ముందుకి లాక్కుంది.

ఐదున్నర లక్షలు దేనికో చెప్పమంది ఆవిడ. గులక చెప్పడం మొదలుపెట్టింది. మూడేళ్ళ ఫీజు ఇంత, హాస్టలు ఇంత, భోజనం ఇంత, పుస్తకాలు సగం లైబ్రరీలోనే దొరుకుతాయి కాబట్టి ఇంత, కొండలకి తీసుకెళ్ళి చూపించే ప్రయాణాలకి ఇంత, బూట్లకీ సుత్తికీ ఇంత. సుత్తి ఎందుకని ఆవిడ రుమాలు దించింది. రాళ్ళు కొట్టడానికండీ అంది మా పిల్ల. ఆవిడ క్యాలిక్యులేటర్ మీద టకటకా కొట్టి, తల పంకించి, మళ్ళీ మొదటినుంచి కొట్టింది.

"మూడు లక్షల అరవై వేలే కదా. మిగతా లక్షా తొంభై వేలు దేనికి?"

గులక నాన్న వంక చూసింది. నేనూ చూశాను. మావయ్య గొంతు సవరించుకున్నారు.

"పగుళ్ళకండీ" అన్నారు.

"దేనికి?"

"పగుళ్ళకు. పదింటికి ఒకటి చొప్పున."

ఆవిడ మా ముగ్గుర్నీ మార్చి మార్చి చూసింది. అమ్మాయికి ఆరోగ్యం బాగానే ఉంది కదా అని మెల్లిగా అడిగింది. నాకు నవ్వు పొట్టలోంచి తన్నుకొస్తోంది, సంచి నోటికి అడ్డం పెట్టుకున్నాను. గులక మాత్రం నవ్వలేదు, కనుబొమలు ముడిచి వేళ్ళు మడుస్తోంది. పదింటికి ఒకటైతే ముప్పై ఆరు వేలు కదా నాన్నా, లక్షా తొంభై ఎలా అయింది అంది. నాకు మీ అన్నయ్య చెప్పిందే నాలుగు లక్షల ఎనభై ఐదు వేలు, నేను దాని మీద పదో వంతు కలిపి ఐదున్నరకి సరిచేశాను అన్నారాయన. నేను అమ్మకి చెప్పింది నాలుగే అంది గులక. అంతే, ఆ మాట దగ్గర ఆగిపోయింది. కళ్ళు పెద్దవయ్యాయి.

"అమ్మ ఒక వంతు కలిపి అన్నయ్యకి చెప్పింది. అన్నయ్య ఇంకో వంతు కలిపి నీకు చెప్పాడు. నువ్వూ కలిపావు."

"మూడు అరవై నాలుగెలా అయింది మరి?" అన్నాను నేను. లెక్కల్లో నన్ను బోల్తా కొట్టించలేరు.

గులక నాలుక కరుచుకుంది. "నేనూ కలిపాను వదినా."

ఇక మా వల్ల కాలేదు. గులక బల్ల మీద తల ఆనించి నవ్వింది. నా కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. వరస కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు, అప్పు అడగడానికి వచ్చి అంత నవ్వినవాళ్ళు ఆ బ్యాంకులో అంతకు ముందు ఉండి ఉండరు. మావయ్య ఒక్కరే బిక్కమొహం వేసుకుని కూర్చున్నారు. నాలుగుసార్లు పగిలిన చదువు కోసం ఆయన కొట్టు రాసివ్వబోయారు. అది ఆయనకి నెమ్మదిగా తలకెక్కింది. ముందు పెదవి కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి. చప్పుడు లేకుండా నవ్వడం ఆయన పద్ధతి.

విషయం అర్థమయ్యాక జలుబావిడ కూడా నవ్వి, రెండు తుమ్ములు తుమ్మింది. మూడు అరవైకి తాకట్టు అక్కర్లేదంది. డబ్బు ఒక్కసారి చేతికివ్వరట, ఏడాదికేడాది తిన్నగా విశ్వవిద్యాలయానికీ హాస్టలుకీ కడతారట. తీసుకున్న దానికే వడ్డీ పడుతుంది కాబట్టి అక్కర్లేనిది తీసుకోకపోవడమే మేలంది. మధ్యలో నిజంగా అవసరం పడితే నాలుగు దాకా చోటుంది, అప్పుడొచ్చి అడగొచ్చు. "పగిలాక రండి, చూద్దాం" అంది మావయ్యతో. "ముందే పగుళ్ళకి వడ్డీ కట్టడం ఎందుకు?"

అప్పుడు గులక అడగడం మొదలుపెట్టింది. వడ్డీ ఏ రోజు నుంచి పడుతుంది? చదువుతుండగా కడితే తగ్గుతుందా? ముందే తీర్చేస్తే జరిమానా ఉంటుందా? ఒక ఏడు పరీక్ష తప్పితే ఏమవుతుంది? ఉద్యోగం రావడం ఆలస్యమైతే? ఆ చివరి రెండూ వినగానే మావయ్య కుర్చీలో ఇబ్బందిగా కదిలారు, అశుభం మాట్లాడకన్నట్టు చెయ్యి ఎత్తారు. గులక ఆ చేతిని పట్టుకుని బల్ల మీద పెట్టి, తన చెయ్యి దాని మీద ఉంచి, అడగాల్సినవన్నీ అడిగింది. ఆవిడ ఒక్కోదానికీ జవాబు చెప్పింది. ఇంటికి తీసుకెళ్ళి చదువుకుని బుధవారం తెమ్మని కాయితాలిచ్చింది.

ఇంటికొచ్చాక జరిగింది మరీ బాగుంది. అత్తయ్య తానేమీ కలపలేదని, కాస్త వీలుగా చెప్పానని అన్నారు. మా ఆయనేమో చెల్లెలు పరాయి ఊళ్ళో ఇబ్బంది పడకూడదని కలిపానన్నాడు, ఆ మాట అంటూనే నడుం పట్టుకున్నాడు. నేను ఇద్దర్నీ దులిపేశాను. గులక అడ్డొచ్చి, వదినా అందరూ నా మీద ప్రేమతోనే కలిపారు, కాకపోతే ఆ ప్రేమకి కూడా వడ్డీ నేనే కట్టాలి అంది. అత్తయ్య నవ్వి కూతురి నెత్తిన ఒకటి మొట్టారు.

బల్ల మీది గాజు తీసి దుప్పటి దులిపి, కాయితాలు పరిచి, అందరం చుట్టూ చేరాం. మా ఇంట్లో ఒక డబ్బు సంగతి ఐదుగురం ఒకేసారి వినడం అదే మొదలు. గులక నాన్ననే పైకి చదవమంది. ఆయన పెదాల్లో గొణిగారు. వినపడలేదు నాన్నా అంది. మళ్ళీ చదివారు, ఈసారి గొంతు పెగిలింది. మూడు లక్షల అరవై వేలు అన్న చోట ఆగి, గుక్క తిప్పుకుని, ఇంకోసారి చదివారు. అలా చదువుతుండగానే, మేమడగని ఏదో బీమాకి తొమ్మిది వేలు అందులో కలిసి ఉందని గులక పట్టుకుంది. ఇది తప్పనిసరా అని బ్యాంకులో అడిగి, కాకపోతే కొట్టేయించాలంది. పగుళ్ళకి కలపడం బ్యాంకు వాళ్ళకీ తెలుసన్నమాట అన్నారు మావయ్య. మామూలుగా ఆయన నోట నెలకో పరాచికం రావడం గగనం.

బుధవారం మళ్ళీ ముగ్గురం వెళ్ళాం. బీమా కొట్టేశారు, ఆ మార్పు చేసిన చోట ఆవిడ సంతకం కూడా పెట్టింది. గులక ప్రతి పేజీ మీదా తన సంతకం చేసింది. ఎక్కడా తడబడలేదు. మావయ్య కళ్ళజోడు పెట్టుకుని కలం టోపీ తీసి సిద్ధంగా కూర్చున్నారు. ఆవిడ కాయితాలు సర్దేసుకుని, అయిపోయిందండీ, ఫీజు రేపు వెళ్ళిపోతుంది అంది. మరి నా సంతకం అన్నారాయన. మీది అక్కర్లేదండీ, అమ్మాయి సంతకం చాలు అందావిడ. ఆయన కాసేపు ఆ కలాన్ని చూసుకుని టోపీ పెట్టేశారు. చిన్నబుచ్చుకున్నారేమోనని నేను కంగారు పడ్డాను.

తిరుగు బస్సులో గులకా నేనూ ఒక సీట్లో, మా ముందు సీట్లో మావయ్య. ఆయన పక్కన ఎవరో పెద్దాయన, ముందెన్నడూ చూడని మనిషి. రెండు స్టాపులు దాటాక మావయ్య ఆయన వైపు తిరిగారు. ఎండల సంగతి ఎత్తలేదు.

"ఆ వెనకున్నది మా అమ్మాయండీ. ఇవాళ మూడు లక్షల అరవై వేలు అప్పు చేసింది" అన్నారు. ఆయనకి కొంచెం చెవుడు కాబోలు, మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. రెండోసారి బస్సంతా విన్నది.

గులక సీటులో కిందికి జారి, నాన్నా చాలు, దయచేసి అని గొణిగింది. మావయ్య వినిపించుకోలేదు. పక్కనాయన పాపం అయ్యో అన్నాడు, అంత అప్పుకి ఏం తాకట్టు పెట్టారని జాలిగా అడిగాడు.

"ఏమీ లేదండీ. నా కొట్టు ఇస్తానన్నాను, అక్కర్లేదన్నారు. నా సంతకం కూడా వద్దన్నారు" అన్నారు మావయ్య. "మా అమ్మాయి చాలన్నారు."

గులక సీటులోంచి పైకి లేచి కూర్చుంది. ఆ తర్వాత ఇంటిదాకా ఆయన ఎవరికి ఏం చెప్పినా తను ఆపలేదు.